పది వరసల ఇటుకలు

కలిదిండి రాత అంటే చరిత్ర చదివినవాళ్లకు రాగిరేకులు గుర్తొస్తాయి. ఇక్కడి యుద్ధంలో ప్రాణాలు వదిలిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకంగా వేంగి రాజు రాజరాజ నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించి వేయించిన శాసనం అది. దాదాపు వెయ్యేళ్లుగా నిలిచి ఉంది. నేను కలిదిండిలో చూసిన ఇంకో రాతకు అంత ఆయుష్షు ఉండదు. అదొక పొడుగాటి పద్దుల పుస్తకం. అట్ట మీద తవుడు మరకలు, అంచులు తడిసి ఆరి ఉబ్బిపోయాయి. చేపల చెరువుల మీద బస్తాలు మోసే ఒక మనిషికి కైకలూరులో ఒక ఫిజియోథెరపిస్టు తన చేత్తో రాసిచ్చిన పుస్తకం. డిస్కు దెబ్బతిన్న నడుంతో మళ్లీ ఒళ్లు వంచడం, మళ్లీ బరువెత్తడం ఎలాగో అందులో ఉంది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని రెండు సాయంత్రాలు ఆ పుస్తకం చదివాను. ఇంత నాణ్యమైన పనితనం ఈమధ్య కాలంలో నా కంటపడలేదు. ఇద్దరూ పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే చెబుతాను.

ముందు ఆయన పని ఎలాంటిదో తెలియాలి. శీలావతి, బొచ్చె పెంచే చెరువుల్లో తవుడూ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, పడవ మీద వెళ్లి నీళ్లలో పాతిన గెడలకు కట్టొస్తారు. చేపలు ఆ చిల్లుల దగ్గర చేరి పొడుచుకు తింటాయి. కట్టేవాడు పడవ అంచు మీంచి వంగాలి, వంగి పక్కకు తిరగాలి, తిరిగి చేతులు చాచాలి. అదీ తెల్లారగట్ల, పక్క దిగిన కాసేపటికే. అంతకుముందు లారీలోంచి 50 కిలోల తవుడు బస్తాలు గట్టు మీదికి దింపుకోవాలి. చేపల పట్టుబడి రోజున ఐసు, ట్రేలు, కాటా, మళ్లీ లారీ. వంగడం, తిరగడం, చాచడం, మోయడం, ఇవన్నీ నిద్ర లేచీ లేవగానే. డిస్కుకు గిట్టనివన్నీ ఏరి ఒక్క పనిలో కూర్చినట్టుంటుంది.

44వ ఏట ఒక పొద్దున ఆయన నడుం పట్టేసింది. రెండో రోజుకు నొప్పి కుడి పిర్రలోంచి పిక్క దాకా, అక్కణ్నుంచి చిటికెన వేలి దాకా జివ్వుమని పాకింది. ఎమ్మారై తీశారు. నడుం ఆఖరి పూసకూ త్రికాస్థికీ మధ్య డిస్కు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతోందని తేలింది. కాలి బలం తగ్గలేదు గనక ఆపరేషన్‌కు తొందరేమీ లేదు, ఆగి చూద్దామన్నారు ఎముకల డాక్టరుగారు. ఆ మాటకు ఆధారం ఉంది. నెదర్లాండ్స్‌లో ఇలా కాల్లోకి పాకే నొప్పి, అంటే సయాటికా, తీవ్రంగా ఉన్న 283 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు తొందరగా ఆపరేషన్ చేసి, రెండో జట్టును ఆగి చూశారు. 2007లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నారు.

ఆగడం అంటే ఏమిటో మాత్రం ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. మూడు వారాలు మంచం దిగలేదు. మన ఇళ్లలో నడుం నొప్పికి తొలి వైద్యం అదే కదా. మంచం పట్టి పడుకుంటే సయాటికా త్వరగా తగ్గదని కూడా 1999లోనే తేలింది. రెండు వారాలు పడుకున్నవాళ్లకూ, ఓపినంత మేర తిరిగినవాళ్లకూ తేడా ఏమీ కనిపించలేదు. ఈయనకు నొప్పి కొంత తగ్గింది గానీ కాళ్లు పీలికలయ్యాయి, మనసు నిండా భయం చేరింది. అప్పుడు వాళ్ల బావమరిది బలవంతం మీద కైకలూరు వెళ్లాడు. మూడో రోజున అక్కడి ఫిజియోథెరపిస్టు ఈ పుస్తకం మొదలుపెట్టింది.

పద్దుల పుస్తకం లాగే రాసింది. ఎడమ పేజీ ఆవిడది: ఏం చేయాలి, ఎన్నిసార్లు. కుడి పేజీ ఆయనది: ఏం చేశాడు, మర్నాడు పొద్దున ఎలా ఉంది. రెండింటికీ పైన ఒకే తేదీ. చెరువు గుమస్తాలు జమా ఖర్చూ రాసే తీరు ఆయనకు ఇరవై ఏళ్లుగా అలవాటు కాబట్టి, ఏ రోజూ కుడి పేజీ ఖాళీగా వదల్లేదు.

మొదటి పేజీలో వ్యాయామం లేదు. ఎర్ర సిరాతో ఇలా ఉంది: ‘అన్నయ్యగారూ, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, సైకిల్ సీటు ఆనే చోట మొద్దుబారినా, నడుస్తుంటే పాదం లేవక చెప్పు జారిపోతున్నా, రెండు కాళ్లలోనూ బలం తగ్గుతున్నా నా దగ్గరికి రావద్దు. తెల్లారేదాకా చూడొద్దు. ఆ రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.’

ఈ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. వెన్నుపాము చివర గుర్రం తోక లాగా వేలాడే నరాల కట్ట నలిగితే గంటల్లో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు. ఈ సంగతి ఏ వైద్య పుస్తకంలోనైనా ఉంటుంది. సైకిల్ సీటు ఆనే చోటు అన్న మాట మాత్రం చదివినవాడి ఒంటి మీద సూటిగా చెయ్యిపెట్టి చూపిస్తుంది. పాదం పడిపోవడాన్ని కొలిచే పరికరంగా హవాయి చెప్పును వాడుకోవడం ఇంకా గొప్ప. రోజంతా గట్టు మీద చెప్పులతో తిరిగే మనిషికి ఆ పరీక్ష దానంతటదే జరిగిపోతూ ఉంటుంది. తన వైద్యానికి హద్దు ఎక్కడో మొదటి పేజీలోనే, అదీ తనకంటే పెద్ద వైద్యానికి దారి చూపిస్తూ రాసుకోవడం ఆవిడ పనితనానికి తొలి గుర్తుగా నాకు తోచింది.

తర్వాతి పేజీలో లారీ టైరు బొమ్మ ఉంది.

‘డిస్కు జారింది’ అంటాం మనం. డిస్కు జారదు. పైపూసకూ కిందిపూసకూ అతుక్కుని ఉంటుంది. మధ్యలో నీళ్లు పట్టి జిగురుగా ఉండే గుజ్జు, దాని చుట్టూ 15 నుంచి 25 పొరల గట్టి నారల చుట్టు. ఒక పొరలో నారలన్నీ ఏటవాలుగా ఒక వైపుకు, తర్వాతి పొరలో దానికి అడ్డంగా రెండో వైపుకు, సుమారు 30 డిగ్రీల వాలులో సాగుతాయి. ఆవిడ దీన్ని ఆయనకు టైరుతో చెప్పింది. పాతరకం లారీ టైరులో నైలాను దారాల ప్లైలు ఒకదాని మీదొకటి అడ్డంగా వాలి ఉంటాయి, సరిగ్గా అలాగే. లోపలి గాలి స్థానంలో గుజ్జు. వంగుతూ తిరుగుతూ ఏళ్ల తరబడి మోస్తే పొరల మధ్య సన్నటి చీలికలు పడతాయి. ఒక రోజు గుజ్జు ఆ చీలికల వెంట దారి చేసుకుని వెనక్కి, నరం ఉన్న వైపుకు ఉబుకుతుంది. తుమ్మినా, నేల మీంచి తువ్వాలు తీసినా చాలు. అందరూ ఆ తువ్వాలునే తిట్టుకుంటారు. టైరు పేలిన చోట ఉన్న మేకు కంటే అంతకుముందు తిరిగిన వేల మైళ్లది ఎక్కువ పాపమని లారీల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ కింద నాలుగు అంకెలున్నాయి: 1, 5, 11, 23. వీటి వెనక ఒక అరుదైన ప్రయోగం ఉంది. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెంసన్ 1960లలో మొదలుపెట్టిన పనిని జర్మనీలోని ఉల్మ్‌లో హాన్స్ యోఆఖిమ్ విల్కే బృందం 1999లో మళ్లీ చేసింది. 45 ఏళ్ల, 70 కిలోల ఒక ఆరోగ్యవంతుడి నడుం డిస్కులోకి సన్నటి కొలత పరికరం దించి, ఒక రోజంతా ఆయన లేస్తూ, కూర్చుంటూ, ఎత్తుతూ, నిద్రపోతూ ఉండగా ఒత్తిడి రాసుకున్నారు. పడుకున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో. నిలబడితే 5. 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 11. అదే బరువును వీపు గుండ్రంగా వంచి నేల మీంచి ఎత్తితే 23. బరువు లారీ టైరులో గాలి ఒత్తిడి సుమారు 8 ఉంటుంది. అంటే నడుం వంచి చిన్న మూట ఎత్తిన ప్రతిసారీ, రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దదైన ఆ గుజ్జు మీద లారీ టైరుకు మూడింతల ఒత్తిడి పడుతోందన్న మాట. ఒక్క మనిషి మీద చేసిన కొలతలు కాబట్టి అంకెల్ని అందరికీ అచ్చంగా అంటగట్టకూడదు. వాటి వరస మాత్రం నమ్మదగినదే. ఆ నాలుగు అంకెలూ చూశాక ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది: ‘‘ఇరవై మూడుని పదకొండు చేసుకోవడమేనండి నా పని. బస్తా అదే, మనిషీ నేనే.’’

ఎమ్మారై రిపోర్టును ఆవిడ వెనక అట్టకు అంటించి, మడత పెట్టి, పిన్ను కొట్టేసింది. అందులోని మాటలు ఆయన్ని నొప్పికంటే ఎక్కువ పీడిస్తున్నాయని గ్రహించింది. నడుం నొప్పి ఎరగని వాళ్ల ఎమ్మారైలు చూసిన 33 పరిశోధనలను 2015లో ఒకచోట చేర్చారు. నలభై ఏళ్ల వాళ్లలో సగం మందికి డిస్కు ఉబ్బు ఉంది, నొప్పి లేదు. అదే ఏడాది ఇంకో సమీక్షలో ఇంకా వింతైన సంగతి తేలింది. కొద్దిగా ఉబ్బిన డిస్కులకంటే, బాగా బయటికి పొడుచుకొచ్చినవీ తెగి విడిపోయినవీ తమంతట తాము ఎక్కువగా కరిగిపోతాయి. ఉబ్బు 13 శాతం మందిలో తగ్గితే, తెగిపడిన ముక్క 96 శాతం మందిలో తగ్గిపోయింది. బయటికొచ్చిన గుజ్జును ఒళ్లు పరాయిదిగా పోల్చుకుని మెల్లగా తినేస్తుంది. రిపోర్టులో చూసి హడలిపోయే పెద్ద ముక్కే తరచు ముందు మాయమవుతుంది. పిన్ను కొట్టిన ఆ మడత మీద ఆవిడ ఒకే మాట రాసింది: ‘ఇది మూడు నెలల కిందటి ఫొటో.’

ఇక వ్యాయామం. మొదట కాలి బొమ్మ, వెనకనుంచి. రోజూ పొద్దున నొప్పి ఎక్కడి దాకా పోతోందో ఆయన గీత గీయాలి. తొలి గీత మడమ దగ్గర. ఈ పద్ధతి పుట్టుక 1956లో, న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో. రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు ఒక రోగిని లోపలికి వెళ్లి బోర్లా పడుకోమన్నాడు. బల్ల తలవైపు అంతకుముందు ఎవరికోసమో ఎత్తి పెట్టి ఉంది. రోగి అలాగే నడుం వెనక్కి విరిచినట్టు కొన్ని నిమిషాలు పడుకుండిపోయాడు. మెకెంజీ వచ్చి చూసి కంగారుపడ్డాడు. రోగి మాత్రం వారాలుగా వేధిస్తున్న కాలి నొప్పి పోయిందన్నాడు. నొప్పి కాలి చివరనుంచి నడుం వైపుకు ముడుచుకుపోవడం మంచి గుర్తు, నడుం దగ్గర కాస్త పెరిగినా సరే. మెకెంజీ ఈ ఒక్క గమనికను జీవితమంతా సానబెట్టాడు.

కలిదిండి వాకిట్లో ఇది చాప మీద జరిగింది. ముందు బోర్లా పడుకోవడం, తర్వాత మోచేతుల మీద లేవడం, ఇంకొన్నాళ్లకు అరచేతుల మీద. భుజంగాసనం తెలిసినవాళ్లకు కొత్తగా ఉండదు. కానీ ఎడమ పేజీలో ఒక హెచ్చరిక ఉంది: ‘నొప్పి కాలి కిందికి పోతే అక్కడే ఆపండి, ఇది మీ దారి కాదు, నాకు ఫోను చేయండి.’ కొందరికి వెనక్కి వంగడమే పడదు. ఆసనాల పటం చూసి మొదటి వారమే సూర్య నమస్కారాలు, పశ్చిమోత్తానాసనం మొదలుపెట్టి మంచాన పడ్డవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. ఆసనంలో తప్పు లేదు, వేళ తప్పింది. ఈ పుస్తకంలో ప్రతి కదలికకూ ముందు ఒక పరీక్ష, వెనక ఒక తీర్పు ఉన్నాయి. కుడి పేజీల్లో ఆయన గీత మడమ నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు ఎక్కడం వేలితో తాకుతూ చూశాను. పదిహేడో రోజు ‘పిర్ర దగ్గరే’ అని రాసి కింద రెండు గీతలు కొట్టుకున్నాడు.

నడక గురించి రాసింది తక్కువే. గట్టు ఎగుడుదిగుడు కాబట్టి వద్దంది, కాలువ పక్క తారు రోడ్డు ఎంచింది. కరెంటు స్తంభాల లెక్కన మూడు స్తంభాలు పోయి రావడంతో మొదలై, రెండు నెలలకు రోజూ అరగంట. నడుం నొప్పి తగ్గినవాళ్లు క్రమంగా నడక పెంచుకుంటే మళ్లీ నొప్పి తిరగబెట్టే కాలం ఎంత వెనక్కి పోతుందో ఆస్ట్రేలియాలో 701 మందిని గమనించి 2024లో చెప్పారు. ఊరికే ఉన్నవాళ్లకు మధ్యస్థంగా 112 రోజులు, నడిచినవాళ్లకు 208.

పొద్దుటి పేజీ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కు నీళ్లు పీల్చుకుంటుంది. ఉల్మ్ ప్రయోగంలో ఆ మనిషి నిద్రలో ఉండగానే ఒత్తిడి రెండింతలు దాటింది. అందుకే పొద్దున మనం రాత్రికంటే సుమారు ఒక శాతం పొడుగ్గా ఉంటాం, లేచిన తొలి గంటలోనే అందులో సగం పోతుంది. నీళ్లు పట్టి బిగిసి ఉన్న ఆ గంటలో వంగితే పొరల మీద లాగుడు చాలా ఎక్కువ. నడుం నొప్పి పాతబడ్డవాళ్లు పొద్దుటి పూట వంగడం మానుకుంటే నొప్పి తగ్గిందని అమెరికాలో స్టోవర్ స్నూక్ 1998లో చూపించాడు. పైసా ఖర్చు లేని వైద్యం. కానీ చేపకు మేత పొద్దున్నే పడాలి కదా! పుస్తకాల్లో చదివిన సలహా చాలాసార్లు ఇలాంటి చోటనే విరిగిపోతుంది.

ఆవిడ ఒక పొద్దున స్కూటీ వేసుకుని చెరువు దగ్గరికే వచ్చిందట. మేత కట్టే పనంతా గట్టు మీద నిలబడి చూసింది. ఆ మర్నాటి ఎడమ పేజీలో రోజు మొత్తం తిరగరాసి ఉంది. సంచులు ముందు సాయంత్రమే నింపి ఎత్తైన చోట పెట్టుకోవాలి. ఒక గంట ముందు లేచి, నడక అప్పుడే కానివ్వాలి. మొహం కడుక్కునే బకెట్టు స్టూలు మీద ఉండాలి. తుమ్ము వస్తే ముందుకు కూలబడకుండా ఒక చెయ్యి గోడకు ఆనించి నిటారుగా తుమ్మాలి. పడవలో నిలబడి వంగకుండా ఒక మోకాలు మోపి కూర్చుని, గెడను ఒంటి దగ్గరికి లాక్కుని ముడి వేయాలి. పాత పద్ధతిలో చెయ్యి గెడ దగ్గరికి పోయేది, ఇప్పుడు గెడే చేతి దగ్గరికి వస్తుంది, పడవ జరుగుతుంది కాబట్టి. నీళ్ల మీద మనిషి తేలిగ్గా కదులుతాడన్న సంగతిని నడుం కోసం వాడుకున్న ఆ ఒక్క వాక్యానికి నేను చేతులెత్తి దండం పెట్టాను.

తర్వాత మూడు వ్యాయామాలు. వీటిని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ ఏరి కూర్చాడు. వెన్ను చుట్టూ కండరాలు గట్టిపడాలి, ఆ క్రమంలో డిస్కు మీద మాత్రం బరువు పెరగకూడదు. ఈ రెండు షరతులకూ నిలిచినవి ఇవి. పడుకున్న చోటునుంచి పూర్తిగా లేచి కూర్చునేవి ఇందులో ఉండవు. మొదటిది వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, నడుం కింద ఒంపులో అరచేతులు పెట్టుకుని, తలా భుజాలూ వెంట్రుకవాసి లేపడం. చేతులు అక్కడ ఉండేది ఒంపు చదునైపోకుండా కాపలాకి. రెండోది మోచెయ్యీ మోకాలూ ఆనించి పక్కవాటుగా లేవడం. మూడోది చేతుల మీదా మోకాళ్ల మీదా నిలిచి, కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కీ చాచడం. ప్రతిదీ 10 అంకెలు లెక్కపెట్టేదాకా. ముందు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. మెట్లు దిగినట్టు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఒళ్లు అలిసేకొద్దీ పని తేలికవుతుంది, ఆఖరిసారి కూడా మొదటిసారంత శుభ్రంగా వస్తుంది.

మూడోదానికి ఆవిడ పెట్టిన పేరు ‘ఎర్రకాళ్ల కొంగ’. మా పక్క ఆటపాకలో ఏటా వాలే పిట్టలవి. మామూలు కొంగ ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటుంది, గూడబాతూ అంతే. ఎర్రకాళ్ల కొంగ మాత్రం మెడ ముందుకూ కాళ్లు వెనక్కీ చాచి, ముక్కు నుంచి గోటి దాకా ఒకే గీతలా పోతుంది. ఈ వ్యాయామంలో ఒళ్లు ఉండాల్సింది అలాగే. పేరు పెట్టేముందు పిట్టను అంత జాగ్రత్తగా చూసిన మనిషి, రోగి వెన్నును ఇంకెంత జాగ్రత్తగా చూసి ఉంటుందో అనుకున్నాను.

పుస్తకం సగం దాటాక వచ్చే పేజీలు నా దృష్టిలో అన్నిటికంటే విలువైనవి. నడుం నొప్పి తగ్గింది, నడక కుదిరింది, కండలు కాస్త కుదుటపడ్డాయి. చాలా వైద్యాలు ఇక్కడ ఆగిపోతాయి. ‘ఇక బరువులెత్తకండి’ అని చెప్పి పంపేస్తారు. బరువెత్తకపోతే ఇల్లు గడవని మనిషికి ఆ మాట పనికిరాదు. రెండు నెలలు ఓర్చుకుని, మూడో నెల ఏ పట్టుబడి రోజునో నేరుగా 50 కిలోల దగ్గరికి దూకుతాడు. దెబ్బ తగిలేది ఆ దూకుడు దగ్గరే. మధ్యలో మెట్లు కట్టి ఉంచేవాళ్లు అరుదు.

ఆవిడ ముందు వంగడం నేర్పింది, బరువు లేకుండా. పడవ గెడలోంచి ఒక నిలువు ముక్క కోయించి ఆయన వీపు మీద నిలువుగా పెట్టింది. తల వెనక, భుజాల మధ్య, తోకెముక దగ్గర, మూడు చోట్లా గెడ ఆని ఉండాలి. వంగినా లేచినా మూడింట్లో ఏదీ విడిపోకూడదు. అలా వంగాలంటే నడుంలో కాక తుంటి దగ్గర మడవాలి, తలుపు మడతబందు దగ్గర తిరిగినట్టు. తలుపు చెక్క ఎక్కడా వంగదు. ‘రోజుకు ఇరవైసార్లు, పది రోజులు, గెడ తప్ప చేతిలో ఏదీ వద్దు’ అని ఎడమ పేజీ. ‘ఏడోసారికి గెడ తల నుంచి ఊడింది’ అని కుడి పేజీ. అంత నిజాయితీగా రాసే శిష్యుడు దొరకడం గురువుకూ అదృష్టమే.

ఆ తర్వాత ఇటుకలు వచ్చాయి. మోటారు షెడ్డు పక్కన ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలుంటే పది వరసలు పేర్పించింది. ఇటుక మందం 3 అంగుళాలు కాబట్టి పది వరసలు 30 అంగుళాలు, దాదాపు బల్ల ఎత్తు. దాని మీద తవుడు సంచి, చేపల కాటాలో తూచి, 5 కిలోలు మాత్రమే. అక్కణ్నుంచి ఎత్తి, ఒంటికి ఆనించుకుని, పాదాలు తిప్పుకుంటూ పక్కకు తిరిగి, మళ్లీ అక్కడే పెట్టడం. ఈ పేజీలో రెండు నిలువు గడులున్నాయి, ఒకటి వరసలు, రెండోది కిలోలు. ‘పది, 5. పది, 8. పది, 10. ఎనిమిది, 8. ఎనిమిది, 10. ఎనిమిది, 12.’ ఇలా దిగుతూ పోతుంది. కింద ఎర్ర సిరా: ‘ఇటుక తీసిన వారం కిలో పెంచొద్దు. కిలో పెంచిన వారం ఇటుక తీయొద్దు.’

నేను ఆ గడులను మూడుసార్లు పైనుంచి కిందికి చదివాను. బరువెత్తడంలో కష్టం రెండు తాళ్లతో పేనిన మోకు లాంటిది: ఎంత బరువు, ఎంత కిందనుంచి. జిమ్ముల్లో సాధారణంగా మొదటిదాన్నే లెక్కపెడతారు, బిళ్లలు మార్చడం తేలిక కాబట్టి. ఆవిడ రెండు తాళ్లనూ విడదీసి, ఒక్కోసారి ఒక్కదాన్నే లాగింది. ఒక వరస దించినప్పుడు బరువు కొంచెం వెనక్కి తగ్గడం చూడండి. కొత్త ఎత్తు అలవాటయ్యాక మళ్లీ పాత బరువుకు చేరడం చూడండి. ఏ మెట్టు మీదైనా తీర్పు చెప్పేది మర్నాడు పొద్దున్నే. ఎత్తేటప్పుడు ఎలా ఉందని ఆవిడ అడగలేదు, తెల్లారి గీత ఎక్కడుందని అడిగింది. గీత కిందికి దిగితే కిందటి మెట్టుకు. అలా ఆయన రెండుసార్లు వెనక్కి వెళ్లాడు. ఒకసారి తప్పు ఆయనదే: పెళ్లికి పోయి, బస్సులో నాలుగు గంటలు వంగి కూర్చుని వచ్చి, మర్నాడే మెట్టు ఎక్కబోయాడు. కుడి పేజీలో అదీ ఉంది.

లోపాలు లేవని అనను. కూర్చోవడం గురించి ఒకే వాక్యం ఉంది. నేల మీద కూర్చుని భోజనం చేసే, కింద కూర్చునే మరుగుదొడ్డి వాడే ఇంటికి అది చాలదు. ఆ మాట ఆవిడతో అన్నాను. ‘‘నిజమేనండీ, ఆయన అడిగాక కుర్చీ పెట్టించాను, రాయడం మరిచిపోయాను’’ అంది. రొయ్యల షెడ్లలో గంటల తరబడి నిలబడి తలలు గిల్లే ఆడవాళ్ల నడుముల గురించి ఇలాంటి పుస్తకం ఇంకోటి రావాలి. వాళ్లు బరువులెత్తరు, ఒకే వంపులో ఉండిపోతారు. వాళ్ల మెట్లు వేరు.

ఆఖరి పేజీ చెబుతాను. పుస్తకం 50 కిలోల దాకా పోదు. 25 దగ్గర ఆగింది. అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో వేసిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, ఆరోగ్యవంతుడైనా ఒక్కడే ఎత్తదగిన బరువు 23 కిలోలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మగ కూలీలకు 55 కిలోలు మించకూడదంది. ఈ రెండు అంకెల మధ్యే మన ముఠా కూలీల నడుములన్నీ నలుగుతున్నాయి. ఆవిడ చిన్న అంకె పక్కనే ఆగింది. అది దాటితే ఇద్దరు. బస్తాను లారీ మీదే విప్పి సగం సంచుల్లోకి గుమ్మరించుకోమంది. చెరువు యజమాని మొదట ఒప్పుకోలేదట, ఆలస్యమవుతుందని. వారం చూశాక మిగతావాళ్లనూ అలాగే చేయమన్నాడు.

వరసల గడిలో ఆఖరి అంకె ఆరు. ఆరు వరసలంటే 18 అంగుళాలు, మోకాలెత్తు. మిగిలినవి కూడా తీసేయనా అని ఆయన కుడి పేజీలో అడిగాడు. ఎడమ పేజీలో జవాబు: ‘వద్దు. సంచి ఎప్పుడూ అక్కడే ఉండాలి.’

నేను వెళ్లిన రోజున మోటారు షెడ్డు పక్కన ఆ ఇటుకలు చూశాను. సిమెంటు పెట్టి కట్టేశాడు. పైన మర్నాటి మేత సంచులు నాలుగు, వరసగా.